నూటయేఁబదిమంది యుత్తమపురుష

తనకథను దాను చెప్పికొనవచ్చునా యను ప్రశ్నము మన యాలంకారికులకుఁ గ్రొత్తది కాదు. భామహుఁడు గద్యకావ్యమును కథ యనియు నాఖ్యాయిక యనియు రెండుగా విభజించి, ఆఖ్యాయికయందు నాయకుఁడు తన చరితమును దానే చెప్పుననియుఁ గథయందు మాత్ర మితరులే చెప్పవలయుననియు నిర్ణయించెను. కులీనుఁడైనవాఁడు తన గుణములను దాను చాటుకొనుట యెట్లని యాతని శంక. దండి యీ విభాగమును ద్రోసిపుచ్చి, జరిగినదానిని జరిగినట్లు చెప్పువానికి స్వగుణప్రకటనము దోషము కాదని సమాధానము చెప్పెను. బాణభట్టు హర్షచరితపు మొదటి యుచ్ఛ్వాసములలోఁ దన వంశమును, దన బాల్యమును, దన దేశద్రిమ్మరితనమును వర్ణించెను గాని ‘నేను’ అనలేదు; బాణుఁ డిట్లు చేసెను, బాణుఁ డట్లు పోయెను అని ప్రథమపురుషలోనే నడపెను. ఈ మువ్వురును విడువక పట్టుకొన్న యూహ యొకటి కలదు. కథ చెప్పికొనువానికిఁ జాటుకొనఁదగిన గుణమేదో యుండును. సంకోచమెల్ల దానిని బయలుపెట్టుటకే. చాటుకొనఁదగినది లేక దాఁచుకొనవలసినది మాత్రమే కలవాఁడు, అందును బదునాలుగేండ్ల బాలుఁడు, తనకథ చెప్పఁబూనినచో దాని లక్షణమేమి? ఈ ప్రశ్నమునకు వారి గ్రంథములలో నుత్తరము దొరకదు.

ఇచ్చట విచారింపఁబూనిన గ్రంథ మట్టి బాలబాలికలది. దానిపేరు ‘ది ఫ్రీడం రైటర్స్ డైరీ’. స్వేచ్ఛాలేఖకుల దినచర్య యని తెనుఁగు చేయవచ్చును. అమెరికా సంయుక్తరాష్ట్రములలోఁ గాలిఫోర్నియాయందలి లాంగ్‌బీచ్ నగరమున వుడ్రో విల్సన్ ఉన్నతపాఠశాలలోఁ జదివిన నూటయేఁబదిమంది విద్యార్థులును, వారి యాంగ్లభాషోపాధ్యాయిని యెరిన్ గ్రూవెల్ అను నామెయుఁ గలిసి కూర్చిరి. 1999లో డబుల్‌డే సంస్థ ప్రకటించెను. గ్రంథము క్రొత్తది కాదు. వెలువడి యిరువదియైదేండ్లు దాఁటినది. విదేశమున నున్న పూర్వశిష్యుఁ డొకఁడు పంపఁగాఁ జాలకాలము చదువక యుంచి, యిటీవలనే చదివితిని. ఇప్పుడు చదువుటకును, దీనినిఁ గుఱించి వ్రాయుటకును గారణము నా బల్లపై నొక నెలనుండి యున్న కాగితములకట్ట. దాని సంగతి తరువాతఁ జెప్పెదను.

గ్రంథము పుట్టిన కాలమును గొంచెము చెప్పవలయును. 1992 ఏప్రిలు 29వ తేదీన, రాడ్నీ కింగ్ అను నల్లజాతివానిని గొట్టిన పోలీసులను న్యాయస్థానము విడిచిపుచ్చఁగా లాస్ ఏంజెలిస్ నగరమునఁ గల్లోలము చెలరేఁగెను. లాంగ్‌బీచ్ దానికిఁ బొరుగూరు. ఆ యూరి పాఠశాలలో నల్లవారి పిల్లలు, మెక్సికో మొదలగు దక్షిణదేశములనుండి వచ్చినవారి పిల్లలు, కంబోడియా యుద్ధమునకు వెఱచి వచ్చినవారి పిల్లలు, తెల్లవారి పిల్లలు ఒకే గదిలోఁ గూర్చుండిరి గాని యొక్కొక్క జాతివారి కొక్కొక్క మూల. వీధిముఠాల పగలు బడిగోడలలోపలికి వచ్చినవి. గ్రూవెల్ యచ్చట నింకను శిక్షణమున నున్న కాలమున, నొక నల్లజాతి విద్యార్థి పెదవులను వికృతముగాఁ బెంచి గీసిన వెక్కిరింపుబొమ్మ చేతులు మాఱుచు నామెకుఁ జిక్కెను. నాజీలు యూదులను గుఱించి గీసిన బొమ్మలు నిట్టివే యని యామె మందలించెను. యూదుల సంహారమును గుఱించి విన్నవారు తరగతిలో దాదాపు లేరు. తుపాకికాల్పులకు గుఱియైనవా రెందఱని యడుగఁగాఁ జేతులన్నియు నించుమించుగా లేచినవఁట.

1994లో నామె కొక తరగతి దొరకెను. చదువురానివారని యితరులు తీసివేసిన పిల్లలే యందు హెచ్చు. వారిచేత నామె అన్నె ఫ్రాంక్ దినచర్యను, సరయేవో ముట్టడిలోఁ జిక్కిన జ్లాతా ఫిలిపోవిచ్ దినచర్యను జదివించెను. పిల్లలు జ్లాతాకు జాబులు వ్రాసిరి. 1996లో నామె వారిని జూడవచ్చెను. అన్నె ఫ్రాంకు కుటుంబమునకు దాఁగుడుచోట నన్నపానము లందించిన మీప్ గీస్ యను వృద్ధురాలును వారి యూరికి వచ్చెను. పిల్లలు తామును వ్రాయఁదొడఁగిరి. 1961లో నల్లవారును దెల్లవారును ఒకే బస్సులో నెక్కి, దక్షిణరాష్ట్రములలోని వర్ణభేదశాసనములను ధిక్కరించి ప్రయాణముచేసిన ఫ్రీడం రైడర్స్ అనువారి పేరునుండి తమపేరు కల్పించుకొనిరి. ఇంగ్లీషున రైడర్ అనఁగా నెక్కి ప్రయాణించువాఁడు, రైటర్ అనఁగా వ్రాయువాఁడు. ఒక్క హల్లు మాఱినది. ఇట్టి యేకవర్ణభేదము చాటుపద్యములందు మనకు వినోదమాత్రము, వారికది బిరుదమైనది. 1997లోఁ దమ వ్రాతలు కట్టకట్టి వాషింగ్టనుకుఁ గొనిపోయి విద్యాశాఖామంత్రికి సమర్పించిరి. 1998లోఁ బాఠశాలావిద్య ముగించిరి. వారిలోఁ బెక్కండ్రు తమ యింటఁ గళాశాల గడప నెక్కిన మొదటివారు.

ఇంతవఱకు లోకవిదితమే. చలనచిత్రము చూచినవారును జెప్పఁగలరు. విమర్శకుఁడు చూడవలసినది మఱియొకటి కలదు. అది యీ గ్రంథము దిద్దఁబడిన తీరు.

దినచర్యలకుఁ గర్తల పేళ్ళు లేవు. వరుససంఖ్యలు మాత్రమే కలవు. వ్రాసినదానిలోఁ గొంత యధికారులకుఁ దెలియరానిది, కొంత యింటివారికిఁ దెలియరానిది, కొంత ప్రక్కబల్లవానికే తెలియరానిది. ఒక వర్తకుఁడు దానముచేసిన ముప్పదియైదు కంప్యూటర్లముందు తరగతివారే జట్లుగాఁ గూర్చుండి యొకరి వ్రాత నొకరు చదివి దిద్దిరి. అక్షరదోషములను దిద్దినవారు వారే. ఇది చాలును, ఇది చాలదు, ఇచ్చట నీవు దాఁటవేసితివి అని చెప్పినవారును వారే. ఈ పనిలోని కష్టము తలంచినకొలఁదిఁ బెరుగును. తండ్రిచేతి దెబ్బలనుగుఱించి వ్రాసిన కాగితము, అట్టి దెబ్బలే తిని యెవరికిఁ జెప్పని పిల్లచేతికి వచ్చుననుకొనుఁడు. ఆమె దానిలోని క్రియావిభక్తులనే చూచునా?

ఇచ్చట వ్యాకరణముచేఁ గొంత ప్రయోజనము కలదు. అస్మచ్ఛబ్దము గమ్యమగునపుడు క్రియ కుత్తమపురుషను బాణిని విధించెను. ‘నేను’ అనుదానికి మన శాస్త్రకారు లిచ్చిన పేరే యుత్తమము. ‘వాఁడు’ ప్రథమము, ‘నీవు’ మధ్యమము. మఱియు నొక్కఁడే తన్నుగుఱించి చెప్పికొనునపుడు బహువచనమును వైకల్పికముగాఁ బాణిని యంగీకరించెను. ఒక్కఁడు ‘మేము’ అనవచ్చునన్నమాట. నూటయేఁబదిమంది ‘నేను’ అనవచ్చునా? సూత్రములలో దీనికిఁ దావులేదు. ఈ గ్రంథమున నున్నది సరిగా నదియే. ప్రతి దినచర్యయు ‘నేను’ అనియే నడచును. ఆ నేను ఎవరో మనకుఁ దెలియదు. తెలిసిన నూటయేఁబదిమందియుఁ జెప్పరు.

ఇంక ‘మేము’ సంగతి. సంస్కృతమునకు వయమ్ అను నొక్కటే శబ్దము, ఇంగ్లీషునకును ఒక్కటే. తెనుఁగునకు రెండు. వినువానిని గలుపుకొన్నచో మనము, విడిచినచో మేము. తమిళకన్నడములకు సోదరియైన యీ భాషకిది జన్మతః వచ్చిన సొత్తు. నేను గ్రంథమును జదువుచు నాకొఱకు నేనే కొన్ని దినచర్యలను దెనిఁగించి చూచితిని. ప్రతిపుటలోను ఇంగ్లీషువాని యొక్క ‘వుయ్’ నన్నాపినది. మొదటిభాగములలో సంశయము లేదు. మా వాడ, మా వారు, మా శత్రువులు. అంతయు మేమే. వినువాఁడు వెలుపలివాఁడు, బహుశః పగవాఁడు. నడుమభాగములకు వచ్చునప్పటికిఁ గొన్నిచోట్ల మేము పెట్టినను బొసఁగదు, మనము పెట్టినను బొసఁగదు. వ్రాయువానికే యింకను దెలియదు. తుదిభాగములలో మనము పెట్టక తప్పదు. ఏ వాక్యమున మేము మనమైనదో వ్రేలుపెట్టి చూపుట కెంతయో వెదకితిని. చూపలేకపోయితిని. అన్నెఫ్రాంకును జదివినదినమునఁ గాదు, మీప్ గీస్ వచ్చినదినమునఁ గాదు. ఒకరి కాగితము నొకరు దిద్దఁగూర్చున్న దినములలోనే యది జరిగియుండవలయునని నాయూహ. వానికథలోని తప్పును దిద్దవలెనన్న వానికథ నిజమని ముందొప్పుకొనవలయును గదా.

ఇది చదువుచుండఁగా నొక పాతసంగతి జ్ఞప్తికి వచ్చినది. వచ్చినది కాదు, ఎప్పుడు నున్నదే. మాది గోదావరీతీరము. నేను మొదట నుద్యోగమునఁ బ్రవేశించినది తెలంగాణమునందలి యొక పాఠశాల. ఇప్పటికి ముప్పదియేండ్లు కావచ్చినది. ఎనిమిదవతరగతివారికి ‘మా యిల్లు’ అను విషయమిచ్చి వ్రాయుమంటిని. ఒక బాలుఁడు ‘మా అవ్వకు ముప్పై ఏండ్లు. ఆమె రోజూ సద్ది కట్టుకొని కూలికి పోతది’ అని వ్రాసెను. మావైపున నవ్వ యనఁగా ముసలిది, తాతకు భార్య. ముప్పదియేండ్ల ముసలమ్మ యెక్కడనుండి వచ్చును? అంకె తప్పినాఁడనుకొని యెఱ్ఱసిరాతో ముప్పదిని గొట్టివేసి యఱువది యని వ్రాసితిని. సద్దిని గొట్టివేసి చలిదియన్నమనియుఁ, బోతదిని గొట్టివేసి పోవుననియు దిద్దితిని. అఱువదియేండ్ల వృద్ధురాలు కూలికిఁ బోవుట శోచనీయమని యంచున నొక వ్యాఖ్యకూడ వ్రాసినట్లు జ్ఞాపకము. కాగితము తిరిగి యిచ్చినపు డా బాలుఁడేమియు ననలేదు. వాని ప్రక్కనున్నవాఁడు మాత్రము లేచి, ‘అవ్వంటె వాళ్ళమ్మ సార్’ అన్నాఁడు.

తరగతి నవ్వినది, నేనును నవ్వితిని. నవ్వి, ‘అట్లైన నమ్మయని వ్రాయవలదా?’ అంటిని. అది రెండవ తప్పు. మఱునాఁటినుండి యా బాలుని వ్యాసములు పాఠ్యపుస్తకములోని వాక్యములవలె నుండెను. ఒక్క తప్పును లేదు. వానియవ్వను గుఱించి మఱెన్నఁడును వ్రాయలేదు.

మహాభాష్యమున నొక కథ కలదు. ఈ పత్రిక చదువరు లెఱుఁగనిది కాదు. రథము తోలువాఁడెవఁడని యడుగుచు నొక వైయాకరణుఁడు ‘ప్రవేత’ యను రూపమును వాడెను. సారథి తన్ను ‘ప్రాజిత’ యని చెప్పికొనెను. అపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపించెను. మీకు సూత్రమువలనఁ బ్రాప్తించునది తెలియును గాని యిష్టమైన రూపము తెలియదని సారథి యుత్తరమిచ్చెను. కోపించిన పండితుఁడు సూతశబ్దమును విఱిచి నిందింపఁబోఁగా, నా విఱుపును దప్పని సారథియే మరల దిద్దెను. దీనిని నేను విద్యార్థులకుఁ బాఠము చెప్పినపుడెల్ల నవ్వుచుఁ జెప్పితిని. అజేర్వీభావమును గుఱించి చెప్పితిని; వార్తికమును గుఱించి చెప్పితిని. ఎఱ్ఱసిరాతో ముప్పదిని గొట్టివేసినవాఁడను నేనే యని యేనాఁడును దోఁపలేదు. పతంజలి యా సారథిని గల్పించినది శిష్టప్రయోగము శాస్త్రముకంటె ముందున్నదని చూపుటకే. ప్రక్కబల్లవాఁడు లేచి యవ్వయన్న నమ్మయని చెప్పినపుడు వాఁడు చేసినది పరిష్కరణము; నేను చేసినది పాఠనాశనము.

పాఠనాశనమను మాట కోపమునఁ బడినది కాదు. పరుల యాత్మకథను ముట్టుకొనుట యెంత సున్నితమో, యీ పిల్లలు చదివిన యన్నెఫ్రాంకు గ్రంథమే సాక్ష్యము. 1944 ఆగస్టు 4వ తేదీన నా కుటుంబమును నాజీలు పట్టికొనిపోయిన పిదప నేలపైఁ జెల్లాచెదరైయున్న యా కాగితముల నేఱి సొరుగునఁ బెట్టినది మీప్ గీస్. ఆమె వానిని జదువలేదు. చదివియున్నచోఁ దమకు సాయపడినవారి పేళ్ళు బయటపడునను భయమునఁ గాల్చివేయవలసి వచ్చెడిదని తరువాతఁ జెప్పెను. చదువక కాపాడుట యొక విధమైన సంపాదకత్వము. అన్నె బ్రతికియున్నపుడే, యుద్ధకాలపు దినచర్యలు ముందు ప్రకటింపఁబడునని 1944 మార్చిలో రేడియోలో విని, తన వ్రాతను దానే తిరిగి వ్రాయ మొదలిడెను. 1947లో తండ్రి ఓటో ఫ్రాంక్ ప్రకటించినది మూఁడవ పాఠము. ఆయన కొన్ని భాగములు విడిచెను. కూఁతురు తల్లినిఁ గుఱించి కఠినముగా వ్రాసినవియు, వయసువచ్చు బాలిక తన దేహమునుగుఱించి వ్రాసికొన్నవియు నందుఁ గలవు. మూఁడు పాఠములను బ్రక్కప్రక్కను జూపిన పండితసంస్కరణము 1986లో గాని రాలేదు. చనిపోయిన కూఁతును దండ్రి యెంత ప్రేమతో దిద్దినను బాఠము మాఱినది. నిందింప నాకు నోరు రాదు. అయినను బాలిక స్వయముగా దిద్దినదానికిని, దండ్రి దిద్దినదానికిని నడుమ దూరము కలదు.

మనవారిలోను బరహస్తము లేని స్వీయచరిత్ర మరుదు. చిలకమర్తి లక్ష్మీనరసింహకవి కన్నులు కోల్పోయి, చెప్పుచుండఁగా నితరులు వ్రాయుటచేతనే గ్రంథరచన సాగించెను. ఆ లేఖకులు మౌనులు. వా రెచ్చట నాఁగిరో, యెచ్చట నేమంటిరని మరల నడిగిరో గ్రంథమున నుండదు. లాంగ్‌బీచ్ విద్యార్థుల విశేషమేమన లేఖకుఁడును గర్తయే. నేఁడు దిద్దినవాఁడు రేపు దిద్దించుకొనును. ఇతరుని గాయముపై బరువుగాఁ జేయిపెట్టినచో రేపు తన గాయముపై నట్టి చేయియే పడునని వాఁడెఱుఁగును. ఈ సమబలత్వము తండ్రికి లేదు, పండితునకు లేదు, ఎంత మంచిదైనను నుపాధ్యాయినికిని లేదు.

ఇంత ప్రశంసించినపిదప దోషములు చెప్పకుండుట ధర్మము కాదు. దినచర్య యనఁగా నానాఁటి వ్రాత. రేపేమగునో తెలియనివాని వ్రాత. దాని రసమంతయు నా తెలియమిలోనే యున్నది. అన్నె తన తుదివాక్యము తుదివాక్యమని యెఱుఁగదు. ఈ గ్రంథమునఁ జాల దినచర్యలకు రేపు తెలిసినట్లు తోఁచును. ఆరంభమున బాధ, నడుమ 203వ సంఖ్యగల తరగతిగది, తుద నాశ. ఇరువది చదువునప్పటికి నిరువదియొకటవదాని ముగింపు మనమే చెప్పఁగలము. నూటయేఁబదిమంది కంఠములు వేఱువేఱుగా వినవలసినచోట నొక్కొక్కతఱి నొకే కంఠము వినఁబడును. అది చక్కని వ్యాసము వ్రాసి మెప్పించుకొన్న విద్యార్థి కంఠము. తోడివారు దిద్దుటయే దీనికిఁ గారణమని యెవరైన నాక్షేపింపవచ్చును. నేనట్లనుకొనను. మంత్రికి సమర్పింపవలెను, ప్రకాశకుని మెప్పింపవలెను అను తలంపు వచ్చినపుడే వ్రాతకు ముగింపులు మొలచును. తోడివానికొఱకు వ్రాసిన వాక్యమును, మంత్రికొఱకు వ్రాసిన వాక్యమును ఒకే పుటలో నున్నను గుర్తింపవచ్చును. మొదటిదానికి వివరణ ముండదు.

మఱియు, ప్రతిభాగమునకు ముందు గ్రూవెల్ తన మాట వ్రాసెను. అవి కథకు వంతెనలు, అక్కఱకు వచ్చినవే. కాని 2007లో రిచర్డ్ లగ్రావనీస్ దర్శకత్వమున హిలరీ స్వాంక్ నాయికగాఁ జలనచిత్రము వెలువడినపు డా వంతెనలే నదియైనవి. అది యుపాధ్యాయిని కథ. విద్యార్థు లామె చుట్టునున్న ముఖములు. ఆఖ్యాయిక కథయైనది. తమ చరితమును దామే చెప్పికొన్నవారిని మరల నితరులు చెప్పిరి. భామహుని విభాగమును దండి త్రోసిపుచ్చినను నది యప్పుడప్పు డిట్లు పనికివచ్చును.

ఇంక కళాశాల మాట. ఈ గ్రంథముపై వచ్చు లాభమును విద్యార్థుల కళాశాలాశుల్కముల కేర్పఱచిన ధర్మనిధికిఁ జెందునట్లు చేసిరి. వినుటకుఁ జక్కగానే యున్నది. కాని చేదుపుట్టించు ప్రశ్న యిందొకటి కలదు: పిల్లవాఁడు తన దుఃఖము నమ్మి చదువు కొనుచున్నాఁడా? అమెరికా కళాశాలలలోఁ బెక్కింట విద్యార్థి తన్నుగుఱించి తానొక వ్యాసము వ్రాసి దరఖాస్తుతోఁ బంపవలయును. మనదేశమునఁ బ్రవేశపరీక్షలోని ర్యాంకు చాలును. ర్యాంకునకుఁ దల్లిలేదు, యిల్లులేదు. ర్యాంకు క్రూరమని మనము వాపోవుదుము, నిజమే. అచ్చట జీవితమే యర్హతాపత్రము. ధనవంతుని బిడ్డకు వ్యాసము దిద్దుటకుఁ గూలికిఁ బెట్టుకొన్న గురువు దొరకును. పేదవానికి దొరకువాఁడు ప్రక్కబల్లవాఁడొక్కఁడే. ఇట్లు చూచిన లాంగ్‌బీచ్ తరగతి చేసినపని సాహిత్యమే కాదు, అప్పులేని సహకారసంఘము కూడ.

అమ్ముకొనుటను గుఱించిన నా చేదు పూర్తిగాఁ బోలేదు. అయిన మా తాతగారు తలఁపునకు వచ్చిరి. ఆయన వారములు చెప్పికొని చదివినవారు. ఏడిండ్లలో నేడుదినములు భోజనము. ఏయింట విస్తరి కడపటఁ బడెనో, ఏయింట నొకపూఁట ‘ఈవారము కుదరదు’ అని తలుపు మూసిరో యాయన యెవ్వరికిఁ జెప్పలేదు. చెప్పుట గృహస్థులకు ద్రోహమనుకొనెను. ఆయనతో వారములు చేసిన తోడివిద్యార్థి యొకఁడు తన బుధవారము నాయనకు విడిచి తాను పస్తుండెనని మాత్ర మొకసారి జెప్పెను. పేరు చెప్పలేదు. పేరులేని యా విద్యార్థి గుఱించి యొకపుట వ్రాసియుండినచో నది మా యింటఁ దాళపత్రములకంటె ముందు దాఁచఁదగినదై యుండును. దాని నమ్మి మఱియొకని చదివించినను దప్పనువాఁడను గాను.

2022లో నీ స్వేచ్ఛాలేఖకులే మఱియొక గ్రంథమును బ్రకటించిరి. క్రొత్తతరము విద్యార్థులు తమ గోడు చెప్పుచు వ్రాసిన లేఖలును, వానికిఁ బాతవా రిచ్చిన ప్రత్యుత్తరములును అందుఁ గలవు. దిద్దించుకొన్నవారు పెద్దవారై వినువారైరి. సంఖ్యలుగా నుండినవారు కొందఱు ముఖముతో నిలిచిరి. సాహిత్యముగా నది మొదటిదానికంటెఁ దక్కువది. లేఖకు లేఖ సమాధానమగుటలోఁ బరిష్కరణపు రాపిడి లేదు.

నా బల్లపైఁ గాగితములకట్ట సంగతి చెప్పెదనంటిని. మిత్రుఁడైన యొక ప్రధానోపాధ్యాయుఁడు తన పదవతరగతి విద్యార్థులు ముప్పదియెనమండ్రు వ్రాసిన స్వవిషయములను దెచ్చియిచ్చెను. పుస్తకముగా ముద్రించి, యమ్మఁగా వచ్చినదానితో నింటరుమీడియెట్‌లోఁ జేరువారికి రుసుము కట్టవలెనని వారి సంకల్పము. తప్పులు దిద్దియిమ్మనియు, వాడుకమాటలుండిన దీసివేయుమనియు నొకచీటి గ్రుచ్చియున్నది. మొదటి కాగితమున రెండవవాక్యమున ‘సద్ది’ కనఁబడినది. కలము మూసితిని.

కట్టను దిరిగి బడికే కొనిపోయితిని. ఎవరికిష్టమైనవారితో వారిని జతలుగాఁ గూర్చుండుమని, యందఱకును బెన్సిళ్ళిచ్చి, చదువునపు డర్థముకానిచోట గీఁత గీయుఁడు, అర్థమైనచోట ముట్టవలదు, అంతకుమించి నా నియమమేదియు లేదని చెప్పితిని. మూఁడవదినమున నొక బాలిక తన స్నేహితురాలి కాగితముతో వచ్చెను. నాలుగుపుటలకు నొక్కటే గీఁత. అదియుఁ దుదివాక్యము క్రింద. ‘కావున నేను బాగా చదివి దేశానికి సేవ చేస్తాను’ అనునది యా వాక్యము. ప్రక్కను బెన్సిలుతో ‘ఇది నువ్వు చెప్పింది కాదు’ అని వ్రాసియున్నది. ఆ వాక్యమునఁ గర్తృక్రియాన్వయము నిర్దుష్టము. నేనైన ముట్టెడివాఁడను గాను. దానిని గొట్టివేయవచ్చునా యని యామె నన్నడిగినది. వ్రాసినపిల్లనే యడుగుమంటిని.

ఇద్దఱును వసారాలోఁ గూర్చుండి యాపూఁటయంతయు మాటలాడికొనిరి. వాక్యము పోయినది, దానిస్థానమున మఱి తొమ్మిది వాక్యములు వచ్చినవి, తండ్రినిఁ గుఱించి. ముద్రణ మెప్పుడని ప్రధానోపాధ్యాయుఁడు తొందరపెట్టుచున్నాఁడు. వారింకను దిద్దుచున్నారని చెప్పితిని.